స్టేషన్ గోడ మీది చిక్కుడు కర్ర

మంచి పని కోసం చేసిన దొంగతనాన్ని దేవుడు ఏమంటాడో పదకొండేళ్లుగా ఓరెస్ట్‌కు తేలలేదు. చర్చిలో మోకరిల్లిన ప్రతిసారీ ఆ సందేహమే ప్రార్థన కంటే ముందు వచ్చి కూర్చునేది.

ఆ ఉదయం దానికి తీరిక లేదు. మూతపడిన లార్క్‌ఫోర్డ్ పాత రైల్వే స్టేషన్‌ను చూడటానికి రాజధాని రెజైనా నుంచి అధికారిణి వస్తోంది. ఆమె సంతకం పెడితే వారసత్వ కట్టడం, లేకపోతే గోధుమ కోతల లోపే కూల్చివేత. స్టేషన్ బాగోగులు చూసే ఓరెస్ట్ ప్లాట్‌ఫారం ఊడ్చి, టీకి నీళ్లు పెట్టి, గోడ మీది వలయం కర్రను తుడిచాడు. ఆగకుండా పోయే రైలు డ్రైవరుకు ఉత్తర్వు కాగితం అందించే కర్ర అది. అక్కడి వస్తువుల్లో పాతదని చెప్పుకోదగ్గది అదొక్కటే. అసలుదాన్ని పదకొండేళ్ల కిందట కందిరీగల గూడు కొడుతూ తనే విరిచాడు. ఇది అచ్చం అలాగే ఉందని పక్కింటి థోరా చిక్కుడు పాదులోంచి చెప్పకుండా పీక్కొచ్చినది.

అధికారిణి లాలోండ్ నేరుగా దాని దగ్గరికే వెళ్లింది.

"ఈ ఎండు తీగ ఏమిటండీ?"

"కాగితం కట్టే దారం, మేడమ్."

ఆమె రాసుకుంది. "మరి ఆకుపచ్చ రంగు?"

"అప్పట్లో కర్రలన్నిటికీ అదే వేసేవారు." అదీ రాసుకుంది. ఓరెస్ట్ చొక్కా వీపుకు అంటుకుపోయింది.

సరిగ్గా అప్పుడే, ఏనాడూ ఆ గడప తొక్కని థోరా, చర్చి ఆడవాళ్ల తరఫున బెర్రీ పండ్లు నింపి కాల్చిన 'పై' పట్టుకుని లోపలికి వచ్చింది. చూపు గోడ మీద పడింది.

"ఏమయ్యా ఓరెస్ట్! నా చిక్కుడు కర్ర నీ గోడెక్కిందా? పాపం జింకల్ని తిట్టుకున్నానయ్యా ఇన్నేళ్లూ!"

లాలోండ్ కలం ఆగింది. ఓరెస్ట్ కళ్లు మూసుకున్నాడు.

"నిజమే మేడమ్. ఇది దొంగ సొత్తు. నేను చెప్పినవన్నీ కొట్టేయండి."

లాలోండ్ కర్ర దించి, పిడి మీది రంగును గోటితో గీకింది. కింద కొయ్యలో కాల్చిన అక్షరాలు బయటపడ్డాయి: లార్క్‌ఫోర్డ్, 1911.

థోరా 'పై' పళ్లెంతో సహా బెంచీ మీద కూలబడింది.

"మా నాన్న ఇక్కడే పనిచేశాడమ్మా. స్టేషన్ మూసిన రోజు దీన్ని ఇంటికి తెచ్చుకుని, తను వంచిన నకలు ఇక్కడ తగిలించాడు. నేనే రంగు పూసి చిక్కుడు పాదులో దాచాను. సిగ్గుతో ఇటు రాలేదు."

"అంటే నేను విరిచింది నకలా?" అన్నాడు ఓరెస్ట్.

"అవునయ్యా. దొంగిలించి మరీ సొమ్ము సొంతింటికి చేర్చావు."

లాలోండ్ ముందు రాసిన రెండు వాక్యాలూ కొట్టేసి, సంతకం పెట్టి, 'పై'లో రెండో ముక్క అడిగింది.

మర్నాడు ఓరెస్ట్ ఒక విల్లో చెట్టు కొమ్మను వలయంగా వంచి, థోరా పాదులో పాతి, పదకొండేళ్ల బాకీ తీర్చుకున్నాడు. దాన్ని చూడటానికి రెజైనా నుంచి ఎవరూ రాలేదు. చిక్కుడు తీగ మాత్రం ఏ ఆధారాలూ అడక్కుండా ఎక్కేసింది.