ఎడమవైపు టక్కు

ఆ ఆదివారం ఉదయం చెవుల డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కారు తుడవాలి, భార్యను ఎక్కించుకుని ఊరి చివర వంతెన దాకా వెళ్ళాలి, కాఫీ తాగి తిరిగి రావాలి. వీధిలో అందరూ అలా పిలిచినా ఆయన నిజానికి డాక్టరు కాడు. వినికిడి పరీక్షలు చేసి చెవి మిషన్లు అమర్చే మనిషి. ఎదుటివాడికి ఏ శబ్దం వినబడటం లేదో చెప్పడం ఆయన వృత్తి. తనకు అన్నీ వినబడతాయన్నది ఆయన గర్వం.

కారు ఇరవై మూడేళ్ళ నాటి స్పోర్ట్స్ కారు. పసుపు రంగు, రెండే సీట్లు, నేలకు జానెడెత్తు. దిగాలంటే తలుపు పట్టుకుని మూడు విడతలుగా లేవాలి. కొన్నరోజునే కాలేజీలో లెక్కలు చెప్పే భార్య షరతు పెట్టింది. "మూడు నెలల్లో ఒక్కసారి రిపేరుకొచ్చినా అమ్మేయాలి." అందులో రెండున్నర నెలలు క్షేమంగా గడిచాయి.

వీధి మలుపులో ఎడమవైపు ఎక్కడో 'టక్' మంది.

"ఆగారేం?" అంది భార్య.

"గాలి బాగుంది కదా అని!"

గేరు మార్చినప్పుడల్లా టక్. వంతెన చేరేలోగా పదకొండు టక్కులు లెక్కపెట్టాడు. పొడిగా, ఎండుపుల్ల విరిచినట్టుంది. ఇన్నేళ్ళ వృత్తిలో ఇలాంటి శబ్దం వినలేదు. భయం కంటే అదేమిటో తెలుసుకోవాలన్న ఆరాటమే ఎక్కువైంది.

మర్నాడు షాపుకని చెప్పి మెకానిక్ షెడ్డుకు వెళ్ళాడు. మేస్త్రి కారును రెండు చుట్లు తిప్పి దిగాడు.

"నాకేం వినబడలేదు సార్."

"ఓసారి మా షాపుకి రా. ఉచితంగా చూస్తాను," అన్నాడు చెవుల డాక్టరు జాలిగా.

మేస్త్రికి పౌరుషం వచ్చింది. సీటు విప్పాడు, చక్రం విప్పాడు, చివరికి కారు పొట్టంతా విప్పాడు. వెతుకుతున్న జబ్బు దొరకలేదుగానీ వెతకని జబ్బులు నాలుగు దొరికాయి. వాటిలో పెట్రోలు పంపు ఒకటి. ఆ మోడల్ ఆగిపోయి పదేళ్ళయింది, విడిభాగాలు ఎక్కడా లేవు. ఆ సాయంత్రం మేస్త్రి ఫోన్ చేస్తే, చెవుల డాక్టరు బాల్కనీలోకి వెళ్ళి గొంతు తగ్గించాడు.

"ఎడమవైపే... ఆగి ఆగి కొట్టుకుంటోంది... ఏమిటీ, పంపు కూడా పాడైందా? కొత్తది దొరకదా? ఎక్కడైనా పోయినదుంటే అందులోంచి తీసి పెడతారా?... సరే, కోసేయండి. మా ఆవిడకు మాత్రం తెలియకూడదు."

మేస్త్రి కోస్తానన్నది తుప్పుపట్టిన గొట్టాన్ని. తలుపు వెనకాల ఉతికిన దుప్పటి మడత పెడుతున్న భార్యకు ఆ సంగతి తెలియదు. ఆవిడ దుప్పటి పట్టుకునే మంచం మీద కూలబడింది.

ఆ రాత్రి కూరలో ఉప్పు లేదు. మర్నాడు నీళ్ళ బకెట్ ఎత్తబోతే ఆవిడ లాక్కుంది. మూడోరోజు, ఏనాడూ పలకరించని బావమరిది పళ్ళబుట్టతో వచ్చి, చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండండి బావగారూ," అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. కారు సంగతి బయటపడిపోయిందని చెవుల డాక్టరుకు అర్థమైంది. తిట్టకుండా ఇంత ప్రేమగా చూస్తున్నారంటే, రాబోయేది మామూలు తిట్లు కావనుకున్నాడు.

పంపు మార్చిన కారు ఇంటికి వచ్చింది. టక్కు తగ్గలేదు.

శనివారం పొద్దున్నే భార్య చెయ్యి చాచింది. "తాళాలివ్వండి. నాకంతా తెలుసు."

"తెలిసిపోయిందా?"

"దాచుకుంటే తగ్గే జబ్బా ఇది?"

"జబ్బేలే," అని ఒప్పుకున్నాడు ఆయన తలవంచుకుని. కారు పిచ్చిని ఆవిడ ఇంతకంటే ఘోరమైన పేర్లతోనే పిలిచేది.

ఆవిడే నడిపింది. దారిపొడవునా చెవులు రిక్కించి కూర్చున్నాడు. ఒక్క టక్కూ లేదు. ఆ వింతలో మునిగిపోయి, కారు ఆగింది గుండె ఆసుపత్రి ముందని లోపలికి వెళ్ళేదాకా గమనించలేదు.

"ఎప్పట్నుంచి కొట్టుకుంటోంది?" అడిగాడు గుండె డాక్టరు.

"గేరు మార్చినప్పుడల్లా అండీ."

డాక్టరు ఆయన్ని ఓ క్షణం చూసి, మంచమెక్కమన్నాడు. ఆయన ఎడమకాలు మడిచి మెట్టు మీద పెట్టాడు.

టక్.

గదిలో అందరికీ వినబడింది. డాక్టరు మోకాలు మీద చెయ్యేసి, మడిచి, చాపాడు. మళ్ళీ టక్. ఆ తర్వాత గుండె పరీక్ష కూడా పూర్తిచేశాడు.

"గుండె గుండులా ఉంది. మోకాలే అరిగింది. నేలబారు సీటు, మొండి క్లచ్చు ఉన్న బండేదో నడుపుతున్నట్టున్నారు. మానేయండి."

ఇక దాచడానికేమీ మిగల్లేదు. షెడ్డు, పంపు, గొట్టం, అన్నీ అక్కడికక్కడే చెప్పేశాడు. భార్య మొదట కళ్ళు ఒత్తుకుంది, తర్వాత పళ్ళు నూరింది.

"అమ్మేద్దామా?" అన్నాడు ఆయన, మంచం మీంచే.

"ఎందుకు? కారులో లోపమేముంది?" అంటూ ఆవిడ తాళాలు తన సంచిలో వేసుకుంది. "గేర్లు వెన్నలా పడుతున్నాయి."

ఇప్పుడు ఆదివారాలు ఆవిడ నడుపుతుంది, ఆయన పక్క సీట్లో మోకాలికి కాపడం పెట్టుకుంటూ కూర్చుంటాడు. ఎప్పుడైనా నోరు తెరిస్తే, ఇంజను వినబడటం లేదు, కాస్త ఊరుకోమంటుంది.