బతికున్నవాళ్ళ వల్ల ఊరికి ఏం లాభం?

మా ఊరికి పూర్వీకులను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళను న్యూసెన్స్ అన్నవాడి కళ్ళు పోతాయి! వాళ్ళు మాకు దేవుడిచ్చిన వరం. విథికాంబ్ చర్చికి ఇరవై రెండేళ్ళుగా వార్డెనుగా బాగోగులు చూస్తున్న నేను చెబుతున్నాను, నమ్మండి. ఊరు మొత్తానికి మూతి ముడుచుకుని తిరిగేవాడు సేత్ హామెట్ ఒక్కడే. సెప్టెంబరులో మైకేల్మస్ పండగలోగా పెళ్ళాం బిడ్డలతో అద్దె ఇల్లు ఖాళీ చేసి పోవాలట. వాడి గొడవ తర్వాత చూద్దాం.

వీళ్ళు రాకముందు మా సమాధులను పట్టించుకున్న నాథుడెవరు? ఇప్పుడు చూడండి! ఒట్టావా నుంచి వచ్చినామె టూత్‌బ్రష్‌తో రాళ్ళ మీది నాచు తోమి పెట్టింది. టాస్మేనియా పెద్దమనిషి ఒకాయన సమాధిని వాటేసుకుని గంటసేపు ఏడ్చాడు. అది వాళ్ళ ముత్తాతగారిది కాదు, పక్కాయనది. అయితే ఏం? ఆ పక్కాయన కోసం రెండు వందల ఏళ్ళుగా ఎవరూ ఏడవలేదు!

మా ఊళ్ళో ఒక మర్యాద ఉంది. అంత దూరం నుంచి వచ్చిన మనిషితో "మీవాళ్ళు ఇక్కడ లేరండీ" అనకూడదు. చర్చిలో పూలు అమర్చే మిసెస్ పాస్కో అయితే, అక్షరాలు చెరిగిపోయిన ఒకే ఒక్క రాయిని పదకొండు కుటుంబాలకు ముత్తాతను చేసింది.

"పాపం, వానలో తడుస్తున్నారు కదండీ! ఎవరో ఒకర్ని ఇచ్చి పంపకపోతే ఎలా?" అంటుంది.

పదకొండు కుటుంబాలూ క్రిస్మస్‌కు కార్డులు పంపుతున్నాయి. వరం కాదా ఇది?

నేను మాత్రం తక్కువ తిన్నానా? టొరంటో నుంచి యెలండ్ గారు వచ్చినప్పుడు, బిషప్‌ను బతిమాలి ఊళ్ళోనే ఉంచుకున్న పాత బాప్టిజాల రిజిస్టర్ తీశాను. 1794లో గ్రేస్ యెలండ్ అనే పసిబిడ్డకు బాప్టిజం ఇచ్చిన పంక్తి చూపించాను. ఆయన కళ్ళు తుడుచుకుని, "ఏ ఇంట్లో పుట్టిందండీ మా తల్లి?" అన్నారు. రిజిస్టర్‌లో ఆ ముక్క లేదు. మర్యాద తెలిసినవాణ్ణి కదా, కిటికీలోంచి చూశాను. ఎదురుగా గడ్డికప్పు ఇల్లు, పైన పొగ. "అదిగో, అదే!" అన్నాను.

ఆ పొగ సేత్ హామెట్ ఇంటి పొయ్యిది.

యెలండ్ గారు ఆ ఇల్లు కొనేశారు! ఏటా ఆగస్టులో రెండు వారాలు ఉంటారట. "గ్రేస్ ఇల్లు" అని బోర్డు కూడా చేయించారు. ఎంత మమకారం! సేత్ వంశం సంగతంటారా? ఆ రిజిస్టర్‌లో మొదటి పేజీ నుంచీ హామెట్లే. నాలుగు వందల ఏళ్ళుగా చర్చి గంటలు మోగిస్తున్నవాళ్ళు. కానీ ఊరు వదలని మనిషిని వెతుక్కుంటూ ఎవరొస్తారు చెప్పండి?

మొన్న వాడు గంటల గది తాళంచెవి ఇచ్చేయడానికి వచ్చాడు.

"మీరు వేలెత్తి చూపించింది మా ఇల్లేనంట కదా వార్డెనుగారూ?"

"ఏదో మాటవరసకి అన్నానయ్యా..."

"పోన్లెండి. మా చంటిదాని పేరు కూడా మీ పుస్తకంలోకి ఎక్కింది కదా. ఎప్పుడో దాని మనవలు వెతుక్కుంటూ వస్తే, వాళ్ళకి అడ్డమైన కొంపా చూపించకండి. అప్పటికి మీరుండరనుకోండి. ఉండేవాళ్ళకి చెప్పిపోండి."

నవ్వుతూనే అన్నాడు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

పాత రిజిస్టర్‌లో చిన్న గీత గీసినా నేరం. ఇన్నేళ్ళూ దాని దగ్గర పెన్ను తీసిన ప్రతివాణ్ణీ కసిరినవాణ్ణి నేను. ఆ మధ్యాహ్నం 1794 పేజీ తెరిచి, గ్రేస్ పేరు పక్కన సిరాతో రాశాను. "ఈ బిడ్డ ఏ ఇంట్లో పుట్టిందో ఎవరికీ తెలియదు. చూపించినవాడు అబద్ధమాడాడు." కింద సంతకం చేసి, ఆ పేజీ ఫొటో టొరంటోకు పంపాను.

వారంలో జవాబు వచ్చింది. యెలండ్ గారు పొంగిపోయారు. తమ వంశానికి ఇంకో అపురూపమైన పత్రం దొరికిందట. దాన్ని ఫ్రేము కట్టించి ఆ ఇంటి హాల్లోనే పెడతారట!