ఏడు రోలర్లకీ బొట్టు

ఆ రోజు నాగేంద్రబాబు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే పొక్లెయిన్ కింద అరిగిన రోలర్లు మార్పించడం, మధ్యాహ్నం పన్నెండింటికల్లా బండిని కాలవలో దింపడం. సెకండ్‌హ్యాండ్‌లో బండి కొన్నాక అతనికి దొరికిన మొదటి పని అది. ఎల్లుండి నీళ్ళు వదులుతారు. ఈలోగా పిల్లకాలవలో పూడిక తీయకపోతే ప్రత్తిపాడు శివారున ఉన్న చివరి మిరప చేలు ఎండిపోవడమే. నీటి సంఘం అధ్యక్షుడు యలమందయ్య ముందే తేల్చి చెప్పాడు.

"పన్నెండు దాటితే గుంటూరు నుంచి వేరే బండి పిలుస్తా. తర్వాత నన్ననుకోవద్దు."

ఆరింటికే మెకానిక్ అయూబ్ వచ్చాడు. బండిని ఒక పక్కకి ఎత్తించి, కింద దిమ్మలు పెట్టించి, ఇనపచైను గాల్లో తిప్పించి చూశాడు. బండి బరువంతా మోసే రోలర్లు ఆ పక్కన ఏడున్నాయి. మూడింటి అంచులు అరిగిపోయి నూనె కారుతోంది. ఆ మూడింటి మీదా ఎర్ర పెయింటుతో చుక్క పెట్టాడు.

"మిగతా నాలుగూ పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి బాబూ. నేను గుంటూరెళ్ళి కొత్తవి మూడు పట్టుకొస్తా. ఈలోపు మా బామ్మర్ది ఇలియాస్ వచ్చి చుక్కలున్నవి విప్పేస్తాడు" అన్నాడు. ఫోన్లో ఇలియాస్‌కీ అదే మాట చెప్పి బైకెక్కాడు. నాగేంద్రబాబు క్యాన్లు తీసుకుని డీజిలు కోసం ఊళ్ళోకి వెళ్ళాడు.

ఇద్దరూ అటు వెళ్ళగానే నాగేంద్రబాబు తల్లి సుబ్బరావమ్మ కొబ్బరికాయ, కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. కొడుకు మొదటి పనికి వెళ్తుంటే బండికి పూజ చెయ్యకుండా ఎలా ఊరుకుంటుంది? వంగి చూసింది. ఏడింటిలో మూడింటికే బొట్టుంది.

"వీడు ఏ పనీ పూర్తిగా చేసి చావడు! పేరంటానికి ఏడుగుర్ని పిలిచి ముగ్గురికే బొట్టు పెడితే మిగతావాళ్ళు ఏమనుకుంటారు?" అని గొణుక్కుంటూ, కుంకుమ నూనెలో తడిపి ఆ నాలుగింటికీ అదే సైజులో దిద్దింది. చెయ్యి ఎలాగూ ఎర్రబడింది కదా అని మెట్టెక్కి డ్రైవరు సీటుకి కూడా ఒకటి పెట్టింది. కాయ కొట్టి, దణ్ణం పెట్టుకుని, తృప్తిగా ఇంటికెళ్ళింది.

ఇలియాస్ మంచి పనివాడు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు, అతనితో వచ్చిన చిక్కంతా అదే. చుక్కలు లెక్కపెట్టి, ఎందుకైనా మంచిదని బావకి ఫోన్ చేశాడు. బైకు మీదున్న అయూబ్ ఎత్తలేదు. సరే, పని మొదలుపెట్టాడు. పత్తి చేలకు వెళ్తున్న నలుగురు రైతులు ఆగి తలో చెయ్యీ వేశారు. ఏ యంత్రాన్నయినా బిగించడానికి ఊళ్ళో మనిషి దొరకడు గాని, విప్పడానికి మాత్రం పిలవకుండానే వస్తారు. పదిన్నరకల్లా ఏడు రోలర్లూ నేల మీద వరసగా ఉన్నాయి. వాటి పక్కన సీటు.

ఆ నలుగురిలో ఒకాయన యలమందయ్య ఇంటికి ఫోన్ చేసి "బండి విప్పుతున్నారు" అన్నాడు. ఇంట్లోవాళ్ళు "బండంతా విప్పేశారంట" అని పాలేరుకి చెప్పారు. చేలో ఉన్న యలమందయ్య చెవిన పడేసరికి అది "ముక్కలు చేసి పాత ఇనుముకి తోలేస్తున్నాడంట" అయింది. ఆయన అక్కడే గుంటూరు బండికి ఫోన్ కొట్టి, ఊగిపోతూ వచ్చాడు. డీజిలు క్యాన్లతో నాగేంద్రబాబు కూడా అప్పుడే వచ్చాడు.

"ఏరా నాగేంద్రం, సాయంత్రానికి ఆ డొక్కైనా ఉంచుతావా, అదీ అమ్మేస్తావా?"

"అయ్యో బాబాయ్, విప్పాల్సింది మూడే! ఏవయ్యా ఇలియాస్, అన్నీ ఎందుకు విప్పావు?"

"చుక్కలు ఏడున్నాయండీ. సీటుతో ఎనిమిది."

"సీటెందుకయ్యా?"

"దానికీ ఉందండీ చుక్క."

యలమందయ్య ఆ సీట్లోనే కూలబడ్డాడు. "ఇంక నీతో కాదురా. ఇంకో బండి వచ్చేస్తోంది." నాగేంద్రబాబుకి ఏడుపొక్కటే తక్కువ. కేకలు విని పరిగెత్తుకొచ్చిన సుబ్బరావమ్మ, "నాలుగింటికి బొట్టు లేకపోతే నేనే పెట్టానురా, తప్పా?" అంది. పుండు మీద కారం చల్లినట్టయింది. "అమ్మా!" అన్నాడు నాగేంద్రబాబు.

అయూబ్ కొత్త రోలర్లతో దిగాడు. సంగతి విని ముందు నవ్వాడు, నవ్వుతూనే తన పెళ్ళికొడుకుల్లో ఒకదాన్ని దొర్లించి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇలియాస్, దీనికి నాలుగు బోల్టులుండాలి. ఎన్ని విప్పావు?"

"రెండే బావా. మిగతా రెండిటి తలలూ తాకగానే చేతికొచ్చాయి."

"ఎప్పుడో తెగాయి. మట్టి పట్టేసి నాకు కనపళ్ళేదు." అయూబ్ నాగేంద్రబాబు వైపు తిరిగాడు. "తప్పు నాదే బాబూ. ఇలాగే దిగుంటే కాలవ మధ్యలో రోలర్ ఊడి, చైను జారిపోయేది. బురదలోంచి బండిని లాగాలంటే మూడ్రోజులు."

యలమందయ్య సీట్లో ముందుకి వంగాడు. "అంటే, నీళ్ళకి అడ్డంగా కూర్చునేదా?"

"అవునండి. చుక్క నీరు కిందికి పోయేది కాదు."

ఆయన కాసేపు ఆ విరిగిన బోల్టు తలల్ని చూశాడు. ఫోన్ తీశాడు. "అబ్బాయ్, నువ్వు రావద్దులే. నీ బండి కింద ఎవడు చూశాడో, ఏమో." ఫోన్ జేబులో పెట్టి నలుగురు రైతుల మీద పడ్డాడు. "ఏం చూస్తారయ్యా? విప్పినవాళ్ళే బిగించండి!"

తెగిన ముక్కలు లాగి, కొత్త బోల్టులు వేసి, రెండున్నరకు బండిని కాలవలో దింపారు. మర్నాడు సాయంత్రానికి పూడిక పూర్తయింది. ఆ తర్వాతి రోజు, చివరి మిరప చేను గట్టు మీద నిలబడ్డ నాగేంద్రబాబు పాదాలు తడుపుతూ నీళ్ళు వచ్చాయి.

సంఘం మినిట్స్ పుస్తకంలో మాత్రం "అధ్యక్షులవారి ఆదేశముపై, వారి సమక్షమున, యంత్రమును పూర్తిగా విప్పించి తనిఖీ చేయడమైనది" అని రాసుకున్నారు.