పికుల్ ఏడో పాట

ఆ ఉదయం పికుల్ అనుకున్న పనిలో మిగిలిన చిక్కు ఒక్కటే. ఖోన్‌కెన్ పట్నం సంగీత కళాశాలలో పాఠాలు చెప్పే ఆమె, ఈశాన్ ప్రాంతపు పల్లెల బాణీలతో ఏడు కొత్త పాటల మాల కడుతోంది. ఆరు పూర్తయ్యాయి. ఏడోది చావింట పాడే వీడ్కోలు పాట. మర్నాడే బృందానికి అభ్యాసం. ఆ పాట తెలిసిన మనిషి బువాలై అవ్వ ఒక్కతే. ఏడాదిగా నెలనెలా ఆమె పల్లెకు వెళ్ళి కాళ్ళావేళ్ళా పడినా అవ్వది ఒకటే మాట: "శవం లేకుండా ఆ పాట నోట రాకూడదే తల్లీ!"

చివరి ప్రయత్నంగా పికుల్ ఆ ఊరిపెద్ద సమ్రాన్‌కు ఫోన్ చేసింది. అక్కడి ఆడపిల్లలందరిలాగే తన గురించి 'నేను' అనకుండా పేరుపెట్టే చెప్పుకుంది. "పికుల్‌కి చివరి పాట మిగిలిందన్నా! చావు పాట! పదింటికి వస్తుంది, అవ్వను సిద్ధం చెయ్!"

సిగ్నల్ సరిగా లేదు. సమ్రాన్ చెవిన పడింది "పికుల్‌కి... చివరి... చావు... పదింటికి వస్తుంది" అని మాత్రమే. శవం పదింటికి వస్తుందనుకుని బావురుమంటూ ఊరి మైకు అందుకున్నాడు. గంటలో షామియానా లేచింది. భిక్షువులు వచ్చారు. వెదురు చిగుళ్ళ కూర గుండిగల్లో ఉడికింది. పది కావస్తుండగా, శవం పొలిమేర చేరే ఉంటుందని అవ్వ పాట ఎత్తుకుంది.

పదింటికి బస్సు దిగిన పికుల్ షామియానా చూసి నొచ్చుకుంది. మరుక్షణమే, సిగ్గుపడుతూనే, లోలోపల సంతోషించింది. అవ్వ పాడుతోంది! చప్పుడు చేయకుండా వెనక కూర్చుని రికార్డరు నొక్కింది.

"జిగురన్నం ముద్ద చేయరాక వేళ్ళకంటించుకున్న పిల్లా, నా గంజిలో ఉప్పెక్కువైనా కమ్మగుందన్న పిల్లా, ఇంకెవరికి నేర్పనే?"

పికుల్‌కు దుఃఖం ఆగలేదు. "ఎవరండీ, పాపం?" అని పక్కావిడను అడిగింది.

"పట్నం టీచరమ్మ. బంగారుతల్లి..." అంటూ తిరిగి చూసిన ఆవిడ కెవ్వుమంది. "దయ్యం!"

షామియానా సగం ఖాళీ. ఖేన్ అనే వెదురు వాద్యం ఊదుతున్నాయన భిక్షువుల వెనక దాక్కున్నాడు. అవ్వ మాత్రం వచ్చి పికుల్ బుగ్గ గట్టిగా గిల్లింది.

"అబ్బా!"

"మనిషే. రండర్రా!"

"ఫోన్ చేసింది పికులే కదన్నా!" అంది పికుల్.

"చచ్చిన మనిషి ఫోనెలా చేసిందని అనుమానం వచ్చింది టీచరమ్మా," అన్నాడు సమ్రాన్ కళ్ళు తుడుచుకుంటూ. "ఏడుపులో అడగడం కుదర్లేదు."

అవ్వ రికార్డరు వైపు చూసింది. "అది చెరిపెయ్. బతికున్న పిల్ల మీద ఆ పాట ఉండకూడదు."

ఏడాది ఎదురుచూపు. పికుల్ చెరిపే మీట మీద వేలు పెట్టింది. నొక్కేసింది.

"ఇప్పుడు కూర్చో. బెదిరిన ప్రాణాన్ని వెనక్కి పిలవాలి. ఈ పాట పట్టుకో, ఎందరికైనా పంచు," అని అవ్వ గొంతెత్తింది. "మడిలో ఉన్నా రావే, మడుగు దాటినా రావే..." ప్రాణం మళ్ళీ జారిపోకూడదని ఊరంతా వరసకట్టి పికుల్ మణికట్టుకు తెల్లదారాలు కట్టింది. అవి మోచేతి దాకా పాకాయి. తను పోతే ఎవరెంత ఏడుస్తారో చూసి, మళ్ళీ వాళ్ళ మధ్యే బతికే భాగ్యం ఎందరికి దక్కుతుంది? ఆ పిలుపు పాటే ఏడో పాట అయింది.

చావుకు సరి లెక్కన పిలిచిన భిక్షువులు నలుగురే. శుభానికి బేసి లెక్క కావాలని ఐదో ఆయనను స్కూటరు మీద తీసుకొచ్చి, ఆ వెదురు చిగుళ్ళ కూరే వడ్డించారు.