తెరమీది విస్కీ సంబరం

లాక్‌డౌన్ వల్ల మానవజాతికి జరిగిన మేళ్ళలో మొదటి బహుమతి తెరమీది విస్కీ సంబరానికే ఇవ్వాలి! నవ్వకండి. హాల్లో జరిగే సంబరం మీరెరగనిదా? ఒకాయన మీ భుజం మీద చెయ్యేసి తన చిన్నప్పటి కష్టాలు మొదలుపెడతాడు. ఇంకొకాయన ఆప్యాయంగా కౌగిలించుకుని మీ చొక్కా తడిపేస్తాడు. తెరమీద ఆ బాధలేవీ లేవు. ఎవరి గ్లాసు వారిది, ఎవరి కుర్చీ వారిది, ఎవరి ఏడుపు వారిది!

ఈ సత్యాన్ని అందరికన్నా ముందు కనిపెట్టినవారు పీపాగారు. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. విస్కీ ప్రియుల సంఘానికి అధ్యక్షులు. విస్కీని ఏ కొయ్యపీపాలో ఎన్నేళ్ళు నిలవ ఉంచుతారో చెప్పడం మొదలుపెడితే ఆపరు కనక ఆ పేరు స్థిరపడిపోయింది.

ఆ ఏడు హాలుకి తాళం పడింది. "ఈసారికి వదిలేద్దాం సార్" అన్నాడు సంఘం కార్యదర్శి ఫోనులో.

"వదిలేసి ఎవరింట్లో వాళ్ళం తాగి పడుకుంటే దాన్ని సంబరం అంటారా, తాగుడు అంటారా?"

కంప్యూటరులో సంబరం ఖాయమైంది.

సభ్యులు నలభైమంది. ఒక్కొక్కరికి అయిదు రకాలు, అయిదు బుల్లి సీసాలు. వంటింటి గట్టు మీద రెండు వందల సీసాలు బారులు తీరాయి. గరాటు పీపాగారి చేతిలో, మూతలు వాళ్ళావిడ చేతిలో. "మూతలు కారతాయో లేదో చూడకుండా అంత మంచి సరుకు పోసేస్తారా?" అంటూ ఆవిడ ఒక పళ్ళెంలోని నలభై సీసాల్లో చల్లారిన టీ డికాషన్ పోసి, బోర్లించి చూసి, పక్కన పెట్టింది. రంగు చూసి, తాను నింపినవే అనుకుని, పీపాగారు వాటి మీద నాలుగో నంబరు అంటించేశారు. ఆఖర్న ఒక రకం విస్కీ ఎందుకు మిగిలిపోయిందని ఆయన ఆలోచించలేదు. మిగిలితే బాధపడే సరుకు కాదది.

పార్సిళ్ళ జాబితాలో ఆవిడ ఒక పేరు చేర్చింది. అది చూసి పీపాగారి మొహం ముడుచుకుంది.

"మా తమ్ముడు కూడా సభ్యుడే కదండీ" అంది ఆవిడ.

బావమరిది గడియారాలు బాగుచేస్తాడు. నాలుగు వీధుల అవతలే ఇల్లు. కిందటేడు హాల్లో అందరి ముందూ లేచి, "బావా, ఈ మూడోదాంట్లో నీళ్ళు కలిశాయి" అన్నాడు. పీపాగారు మైకులో, "జలుబు ముక్కుకి విస్కీ సంగతేం తెలుస్తుందిలే!" అన్నారు. హాలు గొల్లుమంది. బావమరిది గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఏడాదైంది, మాటల్లేవు.

ఆదివారం నాలుగింటికి తెరమీద నలభై గడులు తెరుచుకున్నాయి. ఆహా, ఏం వైభవం! అత్తగారికి ఆఫీసు మీటింగని చెప్పిన బ్యాంకు ఆఫీసరు టై కట్టుకుని, గ్లాసు బల్లకింద దాచుకుని కూర్చున్నాడు. పళ్ళ డాక్టరు గడిలో సీలింగు ఫ్యాను తప్ప డాక్టరు లేడు. కింది వరసలో, గడియారాల గోడ ముందు, బావమరిది.

మళ్ళీ ఏం కూస్తాడో అని పీపాగారు ముందు జాగ్రత్తగా అతని ఒక్కడి గొంతూ మ్యూట్ చేశారు. హాల్లో అయితే మైకు లాక్కోవాలి, మనుషులు చూస్తారు. ఇక్కడ ఒక్క వేలు చాలు! నాగరికత అంటే ఇంకేమిటండీ?

నాలుగో నంబరు వంతు వచ్చింది.

"పాత తోలు సూట్‌కేసు తెరిచినట్టుంది సార్!" అన్నాడు బ్యాంకు ఆఫీసరు.

"లవంగం. చివర్లో చిన్న వగరు" అంది సీలింగు ఫ్యాను.

"ఆ వగరే అసలు పీపా మహిమ!" అన్నారు పీపాగారు, కళ్ళు మూసుకుని.

బావమరిది సీసా ఎత్తి చూపించి, తల అడ్డంగా ఊపి ఏదో అన్నాడు. తర్వాత సీసా దించేసి, కళ్ళజోడు తీసి, సూటిగా చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు. మూడు నిమిషాలు మాట్లాడాడు. ఒకసారి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. చివర్లో ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. నాలుగో నంబరు అతన్ని కదిలించేసిందనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

సంబరం ముగిసింది. తలుపు పక్కన నిలబడి చూస్తున్న ఆవిడ లోపలికొచ్చింది.

"మా తమ్ముడు ఏమన్నాడండీ?"

"వినబడలేదు."

"ఎందుకు వినబడలేదు?"

పీపాగారు రికార్డింగు పెట్టి చూశారు. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందంటే చొక్కా గుండీలు లెక్కపెట్టవచ్చు. గొంతు మాత్రం లేదు. రెండోసారి కూడా చూశారు. అప్పుడు ఫోను తీశారు.

"చెప్పు బావా" అంది అవతలి గొంతు.

"ఇందాక ఏమన్నావురా?"

"నాలుగోది టీ డికాషన్ అన్నాను."

పీపాగారు సీసా వాసన చూసి, ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ నాలిక కరుచుకుంది.

"అది సరే. ఆ తర్వాత?"

"ఇప్పుడెందుకులే బావా. అందరి ముందూ చెప్పాలనుకున్నా, చెప్పేశా. మళ్ళీ రాదు."

పీపాగారు సీసా కింద పెట్టారు. "ఒరేయ్, కిందటేడు ఆ మూడోదాంట్లో నిజంగానే నీళ్ళు కలిశాయిరా. నాకు అప్పుడే తెలుసు. తెలిసే నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాను. తప్పు నాది."

అవతల గోడ గడియారాలు మాత్రం టిక్కుటిక్కుమంటున్నాయి.

"హలో? ఉన్నావా?"

"ఉన్నా బావా. ఉండు, మీ చెల్లెల్ని పిలుస్తాను. మొదట్నుంచీ చెప్పు."

పీపాగారు లేచి నిలబడి, మొదట్నుంచీ చెప్పారు.

మర్నాడు సంఘానికి నివేదిక వెళ్ళింది. సంబరం దిగ్విజయంగా జరిగిందని, కంప్యూటరు ఒక్కసారైనా మొరాయించలేదని, నలభైమందికి నలభైమందీ హాజరయ్యారని రాశారు అధ్యక్షులవారు. లోపాలు అనే గడిలో మాత్రం ఒక్క ముక్క రాశారు: "భుజం మీద చెయ్యేసేందుకు ఎవరూ రాలేదు."