శివారు దాకా వైఫై

ఆ మంగళవారం యమున వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకి టిఫిన్, తొమ్మిదిన్నరకి స్నానం, పదికి డెమో. ఇంత చిన్న పథకం ఇంత పెద్ద ఊరిని కదిలిస్తుందని ఆమెకే కాదు, ఊరికీ తెలియదు.

బొబ్బిలికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, అత్తగారింటి మధ్యగదిలో కూర్చుని హైదరాబాదు కంపెనీకి సాఫ్ట్‌వేరు రాసే కోడలు ఆ ఊళ్లో యమున ఒక్కతే. భర్త త్రినాథ్‌ది గరివిడి ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. పెళ్లై పద్నాలుగు నెలలు. ఇప్పుడు కంపెనీ ఈ నెలాఖరుతో ఇంటి నుంచి పనిచేసే సౌకర్యాన్ని అందరికీ ఎత్తేస్తోంది. "సింగపూర్ క్లయింటు ముందు నీ డెమో ఆగకుండా సాగితే నీ ఒక్కదానికి ఇంకో ఏడాది ఇప్పిస్తాను. మధ్యలో బొమ్మ ఆగిందో, ఒకటో తారీఖున ఆఫీసులో కనబడాలి," అని మేనేజరు అనూరాధ ఖరాఖండిగా చెప్పింది. అంటే పది గంటల డెమో మీద ఒక కాపురం ఆధారపడి ఉంది. ఆ కాపురమేమో డాబా మీది వైఫై మీద ఆధారపడి ఉంది.

ఆ వైఫై సిగ్నలుకి సిగ్గెక్కువ. నలుగురి ముందుకు రమ్మంటే తలుపు చాటుకి పోతుంది. పేరుకి నెట్టున్న ఇల్లే గానీ, నిజానికి రోజులు నెట్టుకొస్తున్న ఇల్లు.

ఇది చూడలేకపోయినవాడు మావగారు జగన్నాధం. ఆయన నీటి సంఘం అధ్యక్షుడు. ఎగువ రైతు ఎంత వాడాలి, కాలువ చివరనున్న శివారు రైతుకి ఎంత వదలాలి, ఎవరి వంతు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలి — ఇరవై ఏళ్లుగా గడియారం ఒక చేత్తో, ఈల ఒక చేత్తో పట్టుకుని నడిపిస్తున్నాడు. లోకంలో ప్రవహించేది ఏదైనా ఆయన దృష్టిలో నీళ్లే.

"ఒక మోటారు అందకపోతే ఏటి సేస్తాం? రెండోది యేస్తాం. రెండూ ఒకే బోదె కాలవలోకి వదుల్తాం. దీనికింత ఆలోసనేటి?" అని తేల్చేసి, వరసకి మేనల్లుడైన కేబుల్ ఎల్లాజీకి కబురు పెట్టాడు.

ఎల్లాజీ తొమ్మిదింటికల్లా వైరు చుట్ట భుజాన వేసుకుని వచ్చి, కిటికీలోంచి లాగి, యమున కంప్యూటరుకి తగిలించేశాడు.

"అయిపోనాది మావా! ఇకమీదట గాలి ఒకపక్క, వైరు ఒకపక్క. ఒకటి సచ్చినా ఒకటి బతికుంటాది."

వంటింట్లోంచి అత్తగారు నారాయణమ్మ గరిటెతో సహా వచ్చింది. "పొద్దున్నే సావు మాటలేటిరా? అయినా రెండు పడవల మీద కాళ్లెట్టినోడు ఒడ్డుకి సేరినట్టు ఎక్కడైనా ఇన్నావేటి?"

"అత్తా, ఇది పడవ కాదు, నెట్టు."

"నెట్టితేనే కదరా మునిగేది!"

యమునకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. పరీక్షించి చూసింది. బొమ్మ అద్దంలా ఉంది. మావగారి ముఖంలో గర్వం చూసి, ఉన్న నిజం చెప్పేసింది. "చాలా మంచి పని చేశారు మావయ్యా. కానీ రెండూ కలిసి రెట్టింపు అవ్వవు. వైరు ఉంటే కంప్యూటరు వైరునే వాడుకుంటాది. వైఫై ఊరికే పక్కన కూర్చుంటాది, అవసరానికి ఉంటాదని."

ఆమె స్నానానికి వెళ్లిపోయింది. జగన్నాధం నిలుచున్నచోటే నిలుచుండిపోయాడు. ఆయన గుండెల్లో ఒకే మాట గుచ్చుకుంది.

"ఊరికే కూర్చుంటాదా?" అన్నాడు, ఎవరో పోయారని విన్నట్టు. "ఎల్లాజీ, శివారోళ్లు గుక్కెడు నెట్టు నేక అల్లాడతంటే, నా ఇంట్లో ఒకటి ఊరికే కూర్చుంటాదా? రేపు సంఘంలో మొకమెలాగ సూపించను?"

ఊరి చివరి వీధిలో ఏ ఫోనూ సరిగా పలకదు. ఎల్లాజీ తల గోక్కుని, కంప్యూటరు ముందు కూర్చుని, ఒక బటను చూపించాడు. "ఇది నొక్కితే వైరు మీద వచ్చింది ఈ పెట్టిలోంచే గాల్లోకి పోతాది మావా. సుట్టుపక్కల ఫోన్లన్నీ అందుకోవచ్చు. కానీ ఒకసారికి ఎనిమిదే."

"ఎనిమిదేనేటి? అయితే వంతులేద్దాం." జగన్నాధం కళ్లు మెరిశాయి. వంతులంటే ఆయనకి వంట్లో సత్తువ.

"పాస్‌వర్డ్ ఏటెట్టమంటావు?"

"నీళ్లకి తాళమేటిరా!"

"తాళం నేకపోతే ఇది ఒప్పుకోదు మావా."

"అయితే ఒకటి నించి ఎనిమిది దాకా అంకెలెట్టు. బడికెళ్లనోడికి కూడా గేపకముంటాది."

పదికి ఐదు నిమిషాలుండగా ఆ అంకెలు వీధరుగు మీది సంఘం నల్లబోర్డు మీద సుద్దముక్కతో వెలిశాయి. అరుగు మీద బల్ల, బల్ల మీద వంతుల పుస్తకం, జగన్నాధం నోట్లో ఈల. వంతుకి ఎనిమిది మంది, మనిషికి ఐదు నిమిషాలు. మొదటి వంతు శివారు వీధిది. కిరాణా కొట్టు వెంకటరావు ఎగువ వీధివాడు కాబట్టి నాలుగో వంతులో పడ్డాడు, "నాను పన్ను కట్టనేటి?" అని గొణుక్కుంటూ. రాత్రి కరెంటు పోయి సీరియల్ తప్పిపోయిన కన్యాకుమారి ఐదు నిమిషాల్లో ఇరవై నిమిషాల కథ చూడటమెలాగో తెలియక, బొమ్మని పరుగెత్తించి చూస్తోంది. దుర్గ విశాఖలోని చెల్లెలికి వీడియోలో కొత్త దూడని చూపించింది. ఐదు నిమిషాలు అవగానే ఈల. ఈల వినగానే ఎనిమిది ఫోన్లు దిగిపోయి, ఎనిమిది ఫోన్లు ఎక్కేవి. కాలువ మీద ఇరవై ఏళ్లలో ఇంత చక్కగా వంతు నడవలేదు. అక్కడైతే కనీసం ఇద్దరైనా పారలు తిరగేసేవాళ్లు.

ఇవేవీ తెలియని యమున గులాబీరంగు చీర కట్టుకుని, మధ్యగది తలుపు వేసుకుని, సరిగ్గా పదికి డెమో మొదలుపెట్టింది. తెర మీద ఒక పక్క అనూరాధ, ఇంకో పక్క సింగపూర్ క్లయింటు. మాట తడబడలేదు, బొమ్మ తొణకలేదు. క్లయింటు రెండుసార్లు తలూపాడు. అనూరాధ ఒకసారి నవ్వింది. యమున మనసులో ఏడాది పొడిగింపు కాగితం మీద సంతకం కూడా పడిపోయింది.

పదీ ఇరవైకి పక్కనున్న సెల్‌ఫోను మోగింది. ఎత్తకపోతే ఆగకుండా మళ్లీ మోగింది. యమున "ఒక్క నిమిషం" అని క్లయింటుకి చెప్పి ఎత్తింది.

"యమున గారూ, కంపెనీ సెక్యూరిటీ విభాగం నుంచి ప్రమోద్‌ని. మీరు ఎక్కడున్నారు?"

"ఇంట్లోనండి. డెమోలో ఉన్నాను."

"ఇంట్లో మొత్తం ఎంతమంది ఉంటారు?"

"నలుగురం. ఏమండీ?"

"గత అరగంటలో మీ కంప్యూటరులోంచి నలభై ఒక్క ఫోన్లు నెట్టు వాడుకున్నాయండీ."

యమున ఫోను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది. ప్రమోద్ ఆగలేదు.

"పేర్లు చదువుతాను, మీకు తెలుసేమో చెప్పండి. 'దుర్గ కొత్త ఫోను'. 'వెంకటరావు కిరాణా'. 'కన్యాకుమారి బంగారం'. 'ముట్టుకుంటే చేయి ఇరిగిపోతాది చిన్నతల్లి'... యమున గారూ, ఇది మామూలు దొంగతనం కాదు. ఎనిమిదిమంది చొప్పున, సరిగ్గా ఐదు నిమిషాలకోసారి మారుతున్నారు. ఒక్క సెకను తేడా లేదు. నా పన్నెండేళ్ల సర్వీసులో ఇంత క్రమశిక్షణ గల ముఠాని చూడలేదు!"

సరిగ్గా అప్పుడే వీధిలోంచి ఈల వినిపించింది.

"ఆరో వంతోళ్లు రండి! ఐదోళ్లు దిగిపోండి! ఓలమ్మో కన్యాకుమారీ, నీదెప్పుడో అయిపోనాది, దిగవేటి?"

యమున ఫోను చేత్తో పట్టుకునే పరుగెత్తి తలుపు తీసింది. అరుగు మీద నల్లబోర్డు, బల్ల, ఈల, పాతికమంది జనం. జగన్నాధం ఆమె ముఖం చూసి, చేతిలో ఫోను చూసి, "ఎవులమ్మా? కంపెనీ వోళ్లేనేటి? ఇటియ్యి, నాను సెప్తాను," అని లాక్కున్నాడు.

"బాబూ, నాను జగన్నాధాన్ని. యమునకి మావని. మీరేటీ కంగారు పడకండి. అంతా నానే దగ్గరుండి సేయిస్తన్నాను."

ప్రమోద్ గొంతు తగ్గించాడు. "మీరు... నాయకులా?"

"అధ్యక్షుణ్ని. ఇరవై ఏళ్లయినాది. మూడుసార్లు ఏకగ్రీవం."

"పాస్‌వర్డ్ వీళ్లందరికీ ఎలా తెలిసింది?"

"బోర్డు మీద రాసీసినాను బాబూ. దాపరికమేటి?"

"ఇంకా ఎంతమంది ఉన్నారు మీ వెనకాల?"

"రెండొందల ఎనభైమంది సబ్యులు. ఇయ్యాల సాయంత్రానికి అందరికీ అందించేస్తాను. మీరు నిబ్బరంగా ఉండండి."

ప్రమోద్ నిబ్బరంగా లేడు. "తీసేయండి! రెండు దార్లూ ఒకేసారి ఉండకూడదు! వెంటనే ఒకటి పీకేయండి!" అని అరిచాడు. స్పీకరు లేకుండానే ఊరంతా విన్నారు.

యమున "ఆగండి, నేను బటను ఆపుతాను" అంటూ మధ్యగదిలోకి పరుగెత్తింది. ఆమె వెనకాల జగన్నాధం, ఆయన వెనకాల నారాయణమ్మ, ఆమె వెనకాల "నాకింకా రెండు నిమిషాలు బాకీ ఉన్నాది" అంటూ కన్యాకుమారి, ఆమె వెనకాల ఆరో వంతు మొత్తం. కానీ వీళ్లందరికన్నా ముందు ఎల్లాజీ చేరాడు. పీకేయమన్న మాట చెవిన పడ్డాక ఎల్లాజీ ఆలోచించే రకం కాదు. వైరు పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

తీగ లాగితే డొంక కదలాలి. ఇక్కడ తీగ లాగితే డొంకంతా ఆగిపోయింది.

కంప్యూటరు చటుక్కున వైఫై వైపు మళ్లింది. ఆ సిగ్గరి సిగ్నలు గదిలో ఇంతమందిని చూసి అలవాటు ప్రకారం తల వంచేసుకుంది. సింగపూర్‌లోనూ హైదరాబాదులోనూ తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది. ముందు రెండు చేతులూ తల మీద పెట్టుకున్న యమున. ఆమె భుజం మీదుగా ఈల నోట్లో పెట్టుకున్న జగన్నాధం. పక్కన గరిటె ఎత్తిన నారాయణమ్మ. వెనక ఫోను గాల్లోకి చాచిన కన్యాకుమారి. తలుపు నిండా తలకాయలు. ఆ బొమ్మ అలాగే నాలుగు నిమిషాలు నిలిచిపోయింది. పెళ్లి ఫొటోలో కూడా ఆ కుటుంబం అంతసేపు కదలకుండా నిలబడలేదు.

ఆ తరువాత తెర నల్లబడింది. ఆరో వంతు చెప్పులు చేత పట్టుకుని ఒక్కొక్కరే జారుకున్నారు. ఎల్లాజీ వైరు చుట్టుకుంటూ, "పీకమన్నారు కదేటి..." అని గోడతో చెప్పుకున్నాడు.

విషయం ఫోనులో విని త్రినాథ్ గరివిడి నుంచి ఒక్క మాటే అన్నాడు: "ఒకటో తారీఖుకి ఇంకెన్నిరోజులున్నాది?" తొమ్మిది రోజులు. నారాయణమ్మ అటక మీదనుంచి పెట్టె దింపించింది. జగన్నాధం అరుగు మీద బోర్డు తుడుస్తూ తుడుస్తూ అలాగే కూర్చుండిపోయాడు. "నీ కాపురానికి గండి నానే కొట్టీసినానమ్మా," అన్నాడు కోడలితో. గండ్లు పూడ్చడం తప్ప కొట్టడం ఎరగని మనిషి నోట ఆ మాట విని యమున, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఏడ్చేసింది.

పదకొండున్నరకి అనూరాధ ఫోను. ప్రమోద్ కూడా లైన్లో ఉన్నాడు. యమున స్పీకరు పెట్టింది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు.

"యమునా, జరిగిందంతా విన్నాక క్లయింటు అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? నలభై ఒక్కమంది వాడుకుంటున్నా ఇరవై నిమిషాలు బొమ్మ తొణకలేదే, ఆ ఏర్పాటు ఎవరు చేశారని! ఆర్డరు మనకే ఇచ్చాడు. అది వేరే విషయం. బొమ్మ ఆగకూడదని ముందే చెప్పాను. ఏడాది పొడిగింపు లేదు. ఒకటో తారీఖున హైదరాబాదు వచ్చేయాలి."

"సరే మేడమ్," అంది యమున.

"ఒక్క నిమిషం మేడమ్," అన్నాడు ప్రమోద్. "ఆమె రాకూడదు."

"రాకూడదా?"

"నలభై ఒక్క బయటి ఫోన్లు కలిశాయండీ. ఇలాంటిది జరిగితే విచారణ పూర్తయ్యేదాకా ఆ ఉద్యోగి ఆఫీసు గడప తొక్కకూడదు. రూలు. ఎక్కడ జరిగిందో అక్కడే ఉండి పనిచేయాలి. కొత్త కంప్యూటరు పంపిస్తాం. దానికి వైరు ఒక్కటే, గాలి పనికిరాదు."

"అసలు ఆ బటను మన కంప్యూటర్లన్నిటిలో మీ విభాగం ముందే మూసేసి ఉండాలి కదా ప్రమోద్?"

చాలాసేపు ఏమీ వినిపించలేదు. సిగ్నలు పోయిందేమోనని ఎల్లాజీ లేచి నిలబడ్డాడు.

"అది కూడా... విచారణలో తేలుతుంది మేడమ్," అన్నాడు ప్రమోద్. "తొందరేమీ లేదు."

"విచారణ ఎప్పుడు పూర్తవుతుంది?" అని అడిగింది యమున. ఆమెకి తన చెవుల మీద నమ్మకం కుదరడం లేదు.

"ఫోను కలిపిన నలభై ఒక్కమందీ సొంత చేత్తో వాంగ్మూలం రాసి, సంతకం పెట్టి పంపాలి. ఒక్కటి తగ్గినా ఫైలు మూయకూడదు."

నారాయణమ్మ గరిటె చేతిలోంచి జారింది. ఫోను పెట్టేయగానే ఆమే తేరుకుని, పెట్టె మళ్లీ అటకెక్కించమని ఎల్లాజీకి చెప్పింది.

నెల తిరిగేసరికి నలభై వాంగ్మూలాలు హైదరాబాదు చేరాయి. కన్యాకుమారి తనది మూడు పేజీలు రాసింది, సీరియల్ కథతో సహా. మిగిలిన నలభై ఒకటో ఫోను, వంతులు మొదలుపెట్టే ముందు పారుతోందో లేదోనని కలిపి చూసిన జగన్నాధానిది. రాయడానికి ఆయనకేమీ అభ్యంతరం లేదు గానీ, కళ్లజోడు బాగు చేయించుకోవాలట. ఏడాదిన్నర గడిచినా బొబ్బిలి వెళ్లే తీరిక ఇంకా దొరకలేదు.