దేశం మొత్తానికీ ఒక్క పొయ్యి

ఇంధన గణాంకాల ఆఫీసులో ఆ గుమాస్తాకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఎవరికీ గుర్తులేదు. కూరలో ఉప్పు ఎలా ఉందని అడిగినా "సున్నా పాయింట్ రెండు ఎక్కువ" అనే మనిషి కనుక అందరికీ అతను దశాంశం. ఆ ఉదయం దశాంశం వేసుకున్న పథకం చాలా చిన్నది. పెరట్లో అత్తగారి కట్టెలు తూచి ఆఫీసుకు వెళ్లడం, మర్నాడు మళ్లీ తూచడం. తగ్గిందెంతో అదే కాల్చిన కట్టె.

ఆ తూకం మీదే అతని కుర్చీ నిలబడి ఉంది. ఎంత ఎండను, ఎంత గాలిని, ఎంత కట్టెను కరెంటుగానో వేడిగానో వాడుకున్నారో ప్రతి దేశమూ ఏటా ప్రపంచ సంస్థకు రాసి పంపాలి. ఎండకు మీటరుంది, గాలికి మీటరుంది. పొయ్యికి మీటరు పెట్టిన మొనగాడు ఇంకా పుట్టలేదు. అందుకే ప్రపంచ నివేదికలో కట్టెల గడి వచ్చేసరికి వాళ్ల దేశానికి ఏళ్ల తరబడి రెండు చుక్కలే పడుతున్నాయి. చుక్కలంటే 'వీళ్లకేమీ తెలియదు' అని మర్యాదగా చెప్పడం.

"ఈసారీ చుక్కలే పడితే నిన్ను పాత కాగితాల గదిలోకి తోసేస్తా. చెదపురుగుల్ని లెక్కపెట్టుకుందువు గాని" అని పెద్దసారు తేల్చేశాడు.

పద్ధతి ప్రకారం వేల ఇళ్లలో తూచాలి. పైవాళ్లు ఖర్చు కోసి కోసి ఆ వేల ఇళ్లను ఒక్క ఇంటికి తెచ్చారు. ఆ ఒక్కటీ ఎవరిదైతేనేం అని దశాంశం తను కాపురముంటున్న అత్తగారిల్లే ఎంచుకున్నాడు. ఆవిడ స్నానాల నీళ్లు ఇప్పటికీ కట్టెల పొయ్యి మీదే కాస్తుంది.

"ఏంటి బాబూ, నా కట్టెలు తూస్తున్నావు?" అంది అత్తగారు.

"ఊరికే, లెక్క కోసం అత్తయ్యా. మీరు రోజూ కాల్చినట్టే కాల్చండి. రేపు మళ్లీ తూస్తాను."

ఆ మాటే కొంప ముంచింది. అతను గుమ్మం దాటగానే ఆవిడ కూతుర్ని పిలిచింది.

"చూశావా మీ ఆయన్ని? నేను కట్టెలు తగలేస్తున్నానని తూకం వేసి మరీ నిరూపిస్తాడట!"

"ఆఫీసు పనేమోనమ్మా."

"ఆఫీసుకు నా పొయ్యితో ఏం పని? రేపు తూచనీ. ఒక్క పుల్ల తగ్గితే అప్పుడడుగు!"

ఆ రోజు పొయ్యి వెలగలేదు. ఇంటిల్లిపాదీ చన్నీళ్లు పోసుకుని గజగజ వణికారు. అయినా ఆవిడ రోషం చల్లారలేదు. కట్టెలు ఎండకు ఆరి బరువు తగ్గితే ఆ తరుగు కూడా తన మెడకే చుట్టుకుంటుందని భయపడి, గోడ మీంచి పక్కింటావిణ్ణి కేకేసి, రెండు మోపులు బదులు తెచ్చి కుప్పలో కలిపేసింది.

మర్నాడు తూస్తే కుప్ప పెరిగింది. దశాంశం త్రాసును తట్టి చూశాడు, తిట్టి చూశాడు. వాడకం మైనస్సే. అత్తగారిని ఒక్క మాట అడిగి ఉంటే పోయేది. కానీ అంత ధైర్యం ఏ అల్లుడికుంది? పైగా కొలిచిన అంకెను మార్చడం అతని దృష్టిలో మహాపాపం. దాన్ని అలాగే దేశంలోని ఇళ్లన్నిటితో హెచ్చవేశాడు. కంప్యూటరు మాత్రం మైనస్ వాడకాన్ని ఒప్పుకోనంది.

"వాడకపోగా పెరిగిందంటే మన దగ్గర కట్టె ఎక్కువైందనేగా?" అన్నాడు పెద్దసారు గడియారం చూసుకుంటూ. "ఎక్కువైంది ఎవడైనా ఏం చేస్తాడు? అమ్ముకుంటాడు. ఎగుమతి గడిలో వెయ్యి!"

నివేదిక వచ్చింది. కట్టెల ఎగుమతిలో వాళ్ల దేశం ప్రపంచానికే మొదటిది. మంత్రిగారు ఛాతీ విరుచుకుని ఉపన్యాసం దంచారు. అదే రోజు పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "అన్నయ్యగారూ, ఆ రోజు మీ అత్తగారు పట్టుకెళ్లిన మోపులు రెండూ ఎప్పుడిస్తారు?" అంది.

ఆ పెరిగిన బరువు ఎక్కడిదో దశాంశానికి అప్పుడర్థమైంది. జీవితంలో ఒక్క దొంగ అంకె రాయని మనిషి. సిగ్గుతో చచ్చిపోతూ ఆఫీసుకు పరుగెత్తాడు.

"సార్, అవి ఎగుమతులు కావు, పక్కింటి కట్టెలు! ప్రపంచ సంస్థకు నిజం చెప్పేద్దాం."

పెద్దసారు నోరు తెరిచేలోగా ఫోను మోగింది. ప్రపంచ సంస్థే.

"మీ అంకె మీద మాకు అనుమానం వచ్చి పొరుగు దేశాన్ని అడిగాం" అంది ఫోనులో గొంతు. దశాంశం కళ్లు మూసుకున్నాడు. "వాళ్లు సరిగ్గా అంతే దిగుమతి చేసుకున్నామని రాసిచ్చారు. ఇటూ అటూ ఇంత కచ్చితంగా కలిసిన లెక్క మేమెప్పుడూ చూడలేదు. ఆ లెక్క కట్టినాయన్ని మా దగ్గరికి పంపండి. మిగతా దేశాలకు నేర్పించాలి."

పొరుగు దేశంలోనూ ఒక గుమాస్తా ఉంటాడు. అతనికీ ఒక పెద్దసారు, రెండు చుక్కలు, చెదపురుగుల గది ఉంటాయి. అంకె దొరికితే ఎందుకు వదులుతాడు?

పెద్దసారు ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "నోరు మూసుకుంటే విమానం, తెరిస్తే చెదపురుగులు. నీ ఇష్టం" అన్నాడు.

దశాంశం ఇంటికొచ్చి పెట్టె సర్దుకుంటూ ఉంటే కిటికీలోంచి మళ్లీ పక్కింటావిడ గొంతు. "అన్నయ్యగారూ, నా కట్టెల సంగతి?"

అతను తల ఎత్తలేదు.

"అవి దేశం దాటిపోయాయమ్మా. కావాలంటే అవతలివాళ్లను అడగండి, ముట్టాయని రాసిచ్చారు."